ప్యాడెడ్ షార్ట్స్ ఎన్నాళ్ళు మన్నుతాయి? లెక్క ఎలా చూడాలి, ఎలా కాపాడుకోవాలి

కళింగపట్నం బీచి దాకా సైకిల్ మీద వెళ్ళి శ్రీకాకుళం తిరిగొస్తున్నారనుకోండి. గార దాటేసరికి సీటు మీద కుదురుగా కూర్చోలేకపోతారు. ఒకసారి కుడిపక్కకి జరుగుతారు, ఒకసారి ఎడమపక్కకి. రెండు నిమిషాలకోసారి పెడల్స్ మీద నిలబడతారు. ఎవరికైనా ముందు అనుమానం సీటు మీదికే పోతుంది. నాకూ అలాగే పోయింది. సీటు కిందికి దించాను, ముక్కు కొంచెం వంచాను, చివరికి జెల్ కవర్ కూడా కొన్నాను. తీరా చూస్తే సీటు బాగానే ఉంది, ఒంటి మీదున్న, సీటు ఆనేచోట ఫోమ్ ప్యాడ్ కుట్టిన సైక్లింగ్ షార్ట్స్‌లో ఫోమ్ చచ్చిపోయింది. ఎనిమిది నెలలుగా అదొక్క జతే రోజూ తొడుగుతున్నాను. పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంది, రంగు కూడా వెలవలేదు.

ఈ షార్ట్స్‌తో వచ్చే చిక్కు ఇదే. చెప్పు అరిగితే కనిపిస్తుంది, టైరు అరిగినా కనిపిస్తుంది. ప్యాడ్ అరిగితే ఒంటికి తెలుస్తుంది తప్ప కంటికి ఆనదు. అందుకని చాలామంది నొప్పి భరిస్తూ తొక్కుతారు, ఆ తర్వాత "నాకు సైకిల్ పడదు" అని మానేస్తారు. అలా మానేసినవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రెండువేల రూపాయల గుడ్డ సంగతి తెలియక మంచి అలవాటు పోయింది కదా అనిపిస్తుంది. ఏం చేయాలో మొదటినుంచీ చెప్తాను.

నెలలు వదిలేసి గంటలు రాయండి

"ఏడాది వస్తాయా, రెండేళ్ళు వస్తాయా?" అని అడిగితే సరైన జవాబు ఎవరూ చెప్పలేరు. ఆదివారం ఆదివారం అరసవల్లి వెళ్ళొచ్చే మనిషి షార్ట్స్, రోజూ పాతిక ముప్పై కిలోమీటర్లు తొక్కే మనిషి షార్ట్స్ ఒకే ఏడాదిలో ఒకేలా అరగవు. ప్యాడ్‌ను తినేసేవి మూడు: దాని మీద మీరు కూర్చున్న గంటలు, ఉతికిన సార్లు, తడిగా ఉండిపోయిన సమయం. మొదటి రెండూ అందరికీ తట్టేవే. మూడోది మన సముద్రం ఒడ్డు జిల్లాల్లో చేసే నష్టం ఎక్కువ. దాని గురించి ఆరబెట్టే దగ్గర వివరంగా చెప్తాను.

లెక్క ఇలా వేయండి. రోజుకి గంటన్నర చొప్పున వారానికి ఐదు రోజులు తొక్కితే ఏడున్నర గంటలు. ఏడాదికి 390 గంటలు. మీ దగ్గర ఒకే జత ఉంటే ఆ 390 గంటలూ దాని నెత్తినే పడతాయి. మూడు జతలుంటే ఒక్కోదానికి 130 గంటలే. పైగా ఒకసారి నలిగిన ఫోమ్ పూర్తిగా ఆరి, మళ్ళీ పైకి లేవడానికి మధ్యలో ఒకటి రెండు రోజులు దొరుకుతాయి.

నా బరువు 74 కిలోలు. నా మొదటి జత దాదాపు 300 గంటలకి పనికిరాకుండా పోయింది. తర్వాత అదే ధరలో మూడు జతలు కొని మార్చి మార్చి వాడాను. వాటికిప్పుడు మూడో ఏడు నడుస్తోంది, ఒక్కోటి 350 గంటలు దాటింది. రెండు ఇంకా బాగున్నాయి, ఒకదాన్ని ఈమధ్యే పక్కన పెట్టాను. మీ బరువు, మీ రోడ్డు, మీ సీటు వేరు కాబట్టి మీ అంకె వేరుగా ఉంటుంది. అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి గనక ఇలా చేయండి: చవక రకం మెత్తటి స్పాంజి అయితే వంద గంటల దగ్గర్నుంచి, గట్టి ఫోమ్ ఉన్న మంచి రకమైతే 250 గంటల దగ్గర్నుంచి నెలకోసారి పరీక్షించండి. ఆ పరీక్షలు కింద ఉన్నాయి.

గంటలు రాయడానికి యాప్ అక్కర్లేదు. గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాసినట్టు రాస్తే చాలు. ఏ జత ఏదో తెలియడానికి నడుముపట్టీ లోపలివైపు ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పచ్చ దారం, ఒకదానికి పసుపు దారం నాలుగు కుట్లు వేయండి. స్కెచ్ పెన్నుతో రాస్తే పది ఉతుకుల్లో పోతుంది. క్యాలెండర్‌లో "ఎ – 1.5" (ఎర్ర దారం జత, గంటన్నర) అని రాసి, నెలాఖరున కూడుకోండి.

కొనేటప్పుడే సగం ఆయుష్షు తేలిపోతుంది

షాపులో అందరూ ప్యాడ్‌ను వేళ్ళతో నొక్కి, మెత్తగా, మందంగా ఉన్నది తీసుకుంటారు. నా సలహా దీనికి వ్యతిరేకం. బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు అవతలి వేలు సులువుగా తగిలిపోతే, ఎంత మందం ఉన్నా అది రోడ్డు మీద మీ బరువును ఆపలేదు. సాంద్రత ఎక్కువున్న ఫోమ్ పల్చగా ఉన్నా ఎముకను సీటుకి తగలనివ్వదు. మందపు మెత్తటి స్పాంజి రెండు తొడల మధ్య ముద్దలా చేరి ఒరుసుకుంటుంది కూడా. కూర్చునే ఎముకలు ఆనేచోట ఫోమ్ గట్టిగా, అంచుల వైపు పల్చగా అయిపోతూ ఉన్న ప్యాడ్ ఎంచుకోండి. ఎన్ని గంటల ప్రయాణానికి సరిపోతుందో కొన్ని కంపెనీలు లేబుల్ మీదే రాస్తాయి. రోజూ గంట తొక్కేవాళ్ళు ఆరు గంటల ప్యాడ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఆడవాళ్ళ ప్యాడ్ వేరుగా ఉంటుంది, ఎముకలు ఆనేచోట కాస్త వెడల్పుగా. ఇంట్లో ఒకరివి ఒకరు వేసుకుంటే ఇద్దరికీ సుఖం ఉండదు. చుడీదార్ ప్యాంటు లోపల వేసుకునే పల్చటి ప్యాడ్ లైనర్లు కూడా దొరుకుతాయి, కాకపోతే పైన వేసుకునే ప్యాంటుకి సరిగ్గా సీటు ఆనేచోట లావుపాటి కుట్టు లేకుండా చూసుకోవాలి.

సైజు దగ్గర మొహమాటపడకండి. నిలబడినప్పుడు బిగుతుగా, కొంచెం ఇబ్బందిగా ఉండాలి, సైకిల్ మీద వంగితే సరిపోవాలి. వదులుగా ఉంటే పెడల్ వేసిన ప్రతిసారీ ప్యాడ్ అటూ ఇటూ జరుగుతుంది. ఆ జరుగుడుకి ముందు చర్మం, తర్వాత ప్యాడ్ కుట్లు పోతాయి. ఆన్‌లైన్‌లో ఒక జత నేను ఒక సైజు ఎక్కువ తెప్పించుకున్నాను. నెల తిరక్కుండానే ప్యాడ్ అంచు ఒకవైపు లేచిపోయింది.

లోపల ఏమీ వేసుకోకూడదు

ఈ మాట మన దగ్గర చెప్పడానికి అందరూ సిగ్గుపడతారు, అందుకే కొత్తవాళ్ళకు తెలియదు. ప్యాడెడ్ షార్ట్స్ లోపల డ్రాయర్ గానీ ప్యాంటీ గానీ వేసుకోకూడదు. ప్యాడ్ పైపొర చర్మానికి నేరుగా ఆనాలి, చెమటను లాగి బయటికి పంపాలి. మధ్యలో నూలుబట్ట ఉంటే అది చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, దాని కుట్లు ఒరుసుకుంటాయి. మన పొందూరు ఖద్దరు ఎండలో నడిచే మనిషికి ఎంత హాయో నాకు తెలుసు. ఆ దూదిని వాలుగ చేప దవడతో దువ్వి వడికిన ఇంటివాళ్ళ మధ్యే పెరిగాను. కానీ సీటుకీ చర్మానికీ మధ్య గంటసేపు నలిగేచోట నూలు పనికిరాదు.

ఒంటికి అతుక్కునే ఈ సాగే లైక్రా గుడ్డ ఒక్కటే వేసుకుని ఏడురోడ్ల జంక్షన్‌లో టీకి ఆగాలంటే ఇబ్బందిగా ఉంటే పైన పల్చటి నైలాన్ నిక్కరు వేసుకోండి. నేను అలాగే వేసుకుంటాను. దానివల్ల మరో లాభం ఉంది: సీటు రెక్సిన్ ఒరుపు, టీ కొట్టు బల్ల గరుకు ఆ నిక్కరుకే తగులుతాయి, లైక్రా బతుకుతుంది. మీ సీటు కుట్టు ఎక్కడైనా లేచి ఉంటే మాత్రం ఈరోజే సరిచేయించండి. ఆ చిన్న దారం కొన అరం పెట్టినట్టు షార్ట్స్‌ను కోసేస్తుంది.

ఇంటికొచ్చిన మొదటి పది నిమిషాలు

వచ్చీ రాగానే ఫ్యాన్ కింద కూర్చుని పేపర్ తిరగేయకండి. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే చాలు, షార్ట్స్ నెలల తరబడి ఎక్కువ వస్తాయి, చర్మానికీ మంచిది. చెమట తడిలో, ఒంటి వేడిలో సూక్ష్మజీవులు చాలా వేగంగా పెరుగుతాయి. నేరుగా బాత్రూమ్‌కి వెళ్ళి, విప్పి, అక్కడికక్కడే ఉతికేయండి.

మొదట సబ్బు లేకుండా ఉత్త నీళ్ళు. షార్ట్స్‌ను తిరగేసి, ప్యాడ్ పైకి వచ్చేలా పట్టుకుని మగ్గుతో నాలుగైదుసార్లు పోయండి. అరచేత్తో నొక్కుతూ ఉంటే లోపలినుంచి మబ్బుగా నీళ్ళు వస్తాయి. అదంతా చెమట, ఒంటి మురికే. ఆ మబ్బు తగ్గేదాకా సబ్బు జోలికి పోవద్దు. బీచి నుంచి వచ్చిన రోజయితే ఇసుక పూర్తిగా పోయేదాకా దులిపి, కడిగి అప్పుడు నొక్కండి. ఇసుక ఉండగా రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే.

తర్వాత అరబకెట్ మామూలు నీళ్ళలో ఒక చెంచా లిక్విడ్ డిటర్జెంట్ కలిపి పదిహేను, ఇరవై నిమిషాలు నానబెట్టండి. బట్టల సబ్బు బిళ్ళ వద్దంటాను, దానికి కారణం ఉంది. మన వైపు చాలా ఇళ్ళలో బోరు నీళ్ళు, బావి నీళ్ళు గడుసుగా ఉంటాయి. ఆ నీళ్ళలోని కాల్షియంతో సబ్బు కలిస్తే కరగని తెల్లటి తెట్టు అవుతుంది. బకెట్ అంచుకి పట్టేది అదే. ప్యాడ్‌లో సన్నటి రంధ్రాల్లో కూడా అదే పేరుకుంటుంది. కొన్నాళ్ళకి ప్యాడ్ అట్టలా బిరుసెక్కుతుంది, చెమట పీల్చదు. మన్నిక అయిపోయిందనుకుని పారేసే షార్ట్స్‌లో కొన్ని నిజానికి ఈ తెట్టు పట్టినవే. అలాంటిదాన్ని పారేసేముందు ఒకసారి బకెట్ నీళ్ళలో రెండు మూడు చెంచాల తెల్ల వెనిగర్ వేసి అరగంట ఉంచి, మంచినీళ్ళతో బాగా జాడించి చూడండి. ఫోమ్ బతికుంటే మెత్తదనం చాలావరకు తిరిగొస్తుంది.

రాత్రంతా నానబెట్టడం నేను చేసిన తప్పు. ఒకరోజు పొద్దున్నే అమ్మ బకెట్ చూసి, "ఏట్రా ఇది, స్పాంజి నిక్కరు తెల్లార్లూ నీళ్ళల్లో పడీసినావు? కంపొచ్చీస్తంది!" అంది. నిజమే, మురికి నీళ్ళలో పన్నెండు గంటలుంటే ఆ మురికంతా ఫోమ్ మళ్ళీ తాగేస్తుంది. పొరల్ని అతికించిన జిగురు కూడా వదులవుతుంది.

రాయి మీద బాదకండి, బ్రష్ పెట్టకండి, దుప్పటి పిండినట్టు మెలిపెట్టి పిండకండి. మెలిపెడితే ప్యాడ్ లోపలి పొరలు ఒకదాని మీంచి ఒకటి జారి ముడతలు పడతాయి. ఆ ముడత మీద గంట కూర్చుంటే సంగతి మీకే తెలుస్తుంది. బాగా జాడించాక మందపాటి తువ్వాలు పరిచి, దాని మీద షార్ట్స్ పెట్టి, చాపలా చుట్టి, చుట్ట మీద కాలేసి తొక్కండి. సగం నీళ్ళు తువ్వాలులోకి వెళ్ళిపోతాయి.

వాషింగ్ మెషీన్ వాడచ్చు, తప్పేమీ లేదు. చల్లటి నీళ్ళు, డెలికేట్ సెట్టింగ్, జాలీ సంచి. సంచి మరిచిపోవద్దు, జాకెట్టు హుక్కులు లైక్రాకి తగిలాయంటే దారం లాగేస్తాయి. డ్రయర్ వేడి, ఇస్త్రీ, బ్లీచింగ్, బట్టలు గుమగుమలాడే కండిషనర్ ద్రవం – ఈ నాలుగూ దగ్గరికి రానివ్వకండి. కండిషనర్ దారాల మీద జిడ్డు పొరలా పట్టి చెమట లాగే గుణాన్ని చంపేస్తుంది. బ్లీచ్‌లోని క్లోరిన్, వేడి రెండూ ఎలాస్టేన్ దారాన్ని తెంపుతాయి. మనం లైక్రా అని పిలిచేది ఆ దారాన్నే. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ దాన్ని తయారుచేశాడు. దాని సాగుడే ప్యాడ్‌ను ఒంటికి అంటిపెట్టి ఉంచుతుంది. సాగుడు పోయిందంటే ఫోమ్ ఎంత బాగున్నా ఆ షార్ట్స్ పని అయిపోయినట్టే.

ఒరుపు రాకుండా కొబ్బరినూనె, వాజలీన్ రాసుకునేవాళ్ళున్నారు. చర్మానికి హాయిగానే ఉంటుంది గానీ రెండూ ప్యాడ్‌లో దిగిపోయి ఓ పట్టాన వదలవు. దూరం వెళ్ళే రోజు రాసుకోవాలంటే నీళ్ళతో కడిగితే పోయే సైక్లింగ్ క్రీమ్ వాడండి.

ఆరబెట్టడం: మన వాతావరణంలో అసలు పరీక్ష

హైదరాబాద్‌లో ఉండే మా బావ అవే షార్ట్స్, అదే ధర, నాకంటే ఎక్కువ కాలం వాడాడు. తేడా ఎక్కడుందా అని చాలా ఆలోచించాను. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, మధ్యాహ్నానికి బట్టలు ఆరిపోతాయి. మన దగ్గర జూన్‌లో వానలు మొదలైతే అక్టోబరు, నవంబరు తుఫాన్ల దాకా గాలిలో నీళ్ళే. లైక్రా రెండు గంటల్లో ఆరిపోతుంది, ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. ప్యాడ్ మాత్రం లోపల తడి దాచుకుని ఉంటుంది. ఆరిందనుకుని మడతపెట్టి అల్మరాలో పెడతాం.

తడి ప్యాడ్‌లో రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి, ముక్కవాసన, బూజు. రెండోది కంటికి కనిపించదు. ఈ ప్యాడ్‌లలో ఎక్కువగా వాడే పాలియురెథేన్ ఫోమ్‌ను వేడి, తేమ కలిసి మెల్లగా తినేస్తాయి. నీరు దాని అణువుల గొలుసును తెంపుతూ పోతుంది. పాత హెడ్‌ఫోన్స్ స్పాంజి వాడకుండా పెట్టెలో పెట్టినా ఒకరోజు ముట్టుకుంటే పొడిగా రాలిపోతుంది చూడండి, అదే ఇది. అందుకే ఆఫర్ ఉందని ఒకేసారి ఆరు జతలు కొని దాచుకోమని నేను ఎవరికీ చెప్పను. మూడు చాలు.

ఆరబెట్టే పద్ధతి: తిరగేసి, ప్యాడ్ బయటికి, ఆకాశం వైపు ఉండేలా. దండెం మీద మధ్యకి మడిచి వేయకండి, ప్యాడ్ మధ్యలో మడత పడుతుంది. నడుముపట్టీకి రెండు క్లిప్పులు పెట్టి వేలాడదీయండి, లేదంటే జల్లి స్టాండ్ మీద పరచండి. గాలి ఆడే నీడ కావాలి. ఏప్రిల్, మే ఎండలో గంట ఉంచితే క్రిములు చస్తాయి కదా అని పెద్దవాళ్ళు అంటారు. పొద్దుటి లేత ఎండ పది పదిహేను నిమిషాలు తగిలితే పరవాలేదు, మిట్టమధ్యాహ్నం డాబా మీద వదిలేస్తే లైక్రా సాగుడు రోజురోజుకీ తగ్గిపోతుంది.

వానాకాలంలో గదిలో ఫ్యాన్ కింద, ప్యాడ్‌కి నేరుగా గాలి తగిలేలా కుర్చీ వీపుకి వేయండి. ఆరిందో లేదో చేత్తో చూస్తే తెలియదు. ప్యాడ్ మధ్య భాగాన్ని మీ పై పెదవికి గానీ బుగ్గకి గానీ ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. ఇంకో పూట వదిలేయండి. మా ఇంట్లో ఆగస్టులో పూర్తిగా ఆరడానికి రోజున్నర పట్టిన సందర్భాలున్నాయి. మూడు జతలు అనే లెక్క నాకు అక్కడినుంచే వచ్చింది: ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి అల్మరాలో.

అయిపోయిందని ఎలా తెలుసుకోవాలి

ఇంట్లో చెక్క పీట ఉందా? ఉంటే దానికంటే మంచి పరికరం లేదు. షార్ట్స్ వేసుకుని పీట మీద కూర్చోండి. సైకిల్ మీద వంగినట్టు ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చండి. పది నిమిషాలు అలాగే ఉండండి. కొత్త జతలో చెక్క ఉందని తెలుస్తుంది గానీ బరువు వెడల్పుగా పరుచుకున్నట్టుంటుంది. అరిగిన జతలో మూడు నాలుగు నిమిషాలకే రెండు చోట్ల, సరిగ్గా రెండు ఎముకల దగ్గర, చెక్క గుచ్చుకున్నట్టు తెలుస్తుంది. ఒకే రోజు పాతదీ కొత్తదీ వేసుకుని చూస్తే తేడా దాచినా దాగదు.

లేచాక వెంటనే విప్పి, ప్యాడ్‌ను ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూడండి. రెండు గుంటలు కనిపిస్తాయి. బతికున్న ఫోమ్‌లో మీరు చూస్తుండగానే ఆ గుంటలు నిండుతాయి. చచ్చిన ఫోమ్‌లో ఐదు నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటాయి. నేను పక్కన పెట్టిన పచ్చ దారం జతలో ఎడమ గుంట కుడిదానికంటే లోతుగా ఉంది. అది చూశాకే నేను ఎడమవైపుకి ఒరిగి కూర్చుంటున్నానని నాకు తెలిసింది, సీటు సరిచేసుకున్నాను. తర్వాత ఆ గుంట దగ్గర, ప్యాడ్ అంచు దగ్గర రెండు వేళ్ళతో నులిమి చూశాను. అంచు దగ్గర వేళ్ళ మధ్య ఇంకా స్పాంజి ఉంది. గుంట దగ్గర రెండు గుడ్డపొరల మధ్య ఏమీ లేనట్టే తగిలింది. దూది పరుపు గుంటపడితే ఏకించి మళ్ళీ కుట్టించుకుంటాం, మళ్ళీ పదేళ్ళు వస్తుంది. ఫోమ్‌ను ఏకడం కుదరదు. దాని లోపలి గాలి గదుల గోడలు విరిగిపోయాక మళ్ళీ నిలబడవు.

ఇక గుడ్డ సంగతి. వెనుకభాగం లోపల అరచెయ్యి పెట్టి సాగదీసి కిటికీ వెలుగుకి పట్టండి. అరచేతి గీతలు కనిపిస్తే మీ వెనక తొక్కుతున్నవాళ్ళకీ అన్నీ కనిపిస్తున్నాయని అర్థం. ఈ సంగతి మనకి ఎవరూ మొహం మీద చెప్పరు. తొడ లోపలివైపు సన్నటి తెల్ల వెంట్రుకల్లా బయటికి లేస్తున్నాయేమో చూడండి, అవి తెగిన ఎలాస్టేన్ దారాలు. కింద తొడ పట్టీ పెడల్ వేస్తుంటే పైకి పాకుతోందా? ఉతికి ఆరేశాక వాసన లేకుండా ఉండి, ఒంటి వేడి తగిలిన పావుగంటకే మళ్ళీ వస్తోందా? ఇవి కనిపిస్తే పారేసే రోజు దగ్గరపడినట్టే.

వీటన్నిటికంటే ముందు చెప్పేది మీ చర్మం. నొప్పి ఎక్కడుందో చూస్తే ఏం పోయిందో తెలుస్తుంది. కూర్చునే ఎముకల దగ్గర లోతుగా, నొక్కితే నొప్పిగా ఉంటే ఫోమ్ పోయింది. తొడ లోపలి మడతలో ఎర్రగా ఒరుసుకుపోతే గుడ్డ వదులై ప్యాడ్ అంచు జరుగుతోంది. చిన్న చిన్న పొక్కులు, సెగగడ్డలు లేస్తుంటే ఎక్కువగా అది ఉతుకు, ఆరబెట్టడం దగ్గరి లోపం, కొత్త షార్ట్స్ కొన్నా మళ్ళీ వస్తాయి. గజ్జల్లో గుండ్రంగా దురద వస్తే తామర అయ్యుండొచ్చు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాయకండి. రెండు రోజులు తగ్గినట్టుండి తర్వాత పాకుతుంది. గడ్డ పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా సైకిల్ పక్కన పెట్టి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

దూరం వెళ్ళే రోజుకి ఏది వేసుకోవాలి

200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. 300 కిలోమీటర్లయితే 20 గంటలు. అలాంటి రోజుకి కొత్త షార్ట్స్ అప్పుడే కవర్ చింపి వేసుకోవద్దు, ఆఖరి దశలో ఉన్న పాతదీ వద్దు. 30 నుంచి 100 గంటల మధ్య నడిచిన జత మంచిది, అప్పటికి అది మీ ఒంటికి అలవాటుపడి ఉంటుంది. ముందుగా ఆ జతతో ఒకసారి విజయనగరం వెళ్ళి రండి, రానూపోనూ వంద కిలోమీటర్ల పైనే. అందులో ఇబ్బంది లేకపోతే పెద్ద ప్రయాణానికి తీసుకెళ్ళండి.

పాత జత నుంచి కొత్తదానికి మారినప్పుడు సీటు ఒక్కసారిగా ఎత్తయినట్టు అనిపిస్తుంది. నలిగిపోయిన ప్యాడ్‌కీ కొత్త ప్యాడ్‌కీ కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉండటమే దానికి కారణం. మొదటి రోజే సీటు దించేయకండి, రెండు మూడు రైడ్లు చూసి అప్పటికీ మోకాళ్ళు సాగినట్టు ఉంటే కొంచెం దించండి.

బాగుచేయించవచ్చా?

పక్క కుట్టు ఊడితే చేయించండి, ప్యాడ్ పోతే వద్దు. మా వీధిలో చీరలకి ఫాల్, పీకో కుట్టే అక్క దగ్గరికి ఒక జత తీసుకెళ్ళాను. చేతిలోకి తీసుకుని సాగదీసి చూసి, "తమ్ముడూ, ఇది సాగే గుడ్డ. మామూలు కుట్టు ఏస్తే నువ్వు కూర్చోగానే పటుక్కుమంటాది" అని పీకో మెషీన్ మీద వంకీల కుట్టు వేసి ఇచ్చింది. వంకీలు గుడ్డతోపాటు సాగుతాయి కాబట్టి ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు. కొత్త ప్యాడ్ విడిగా తెప్పించి కుట్టించే ప్రయత్నం కూడా చేశాను. షార్ట్స్ తయారీలో ప్యాడ్‌ను చదునుగా, గుడ్డలో కలిసిపోయేలా కుడతారు. మన మెషీన్ కుట్టు అంచు పైకి లేచి ఉంటుంది, ఇరవై కిలోమీటర్లకే తొడ కోసుకుపోయింది. ఆ ఖర్చు కొత్త జతకి పెట్టుకోవడమే మేలు.

పక్కన పెట్టినదాన్ని "ఎప్పుడైనా అవసరానికి" అని మళ్ళీ అల్మరాలో పెట్టకండి, హడావిడిలో మళ్ళీ అదే చేతికొస్తుంది. అదే రోజు కత్తెర తీసుకుని ప్యాడ్‌ను కుట్టు వెంట కోసేయండి. గుడ్డలో బాగున్న భాగాన్ని రెండు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కత్తిరించుకుంటే స్పేర్ ట్యూబు, గాలి పంపు ఫ్రేముకి బిగించి కట్టుకోవడానికి పనికొస్తాయి. మిగతా ముక్కలు చెయిన్ తుడవడానికి ఉంచుకోండి.